ఒక చిన్న యాప్, నాలుగు ప్యాకేజీలు: 'జరుపు' ప్రాజెక్టు డైరీ

## దశ 0: ఏం కట్టాలి, ఎక్కడ పరీక్షించాలి

యాప్ పేరు జరుపు. వీడియో కన్నా ముందో వెనకో పరిగెత్తే సబ్‌టైటిళ్లను సరైన చోటికి జరుపుతుంది, అంతే. పైథాన్‌లో రాసింది. కిటికీకి జీటీకే 4 (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ), పాత ఎన్‌కోడింగ్‌లను (ఫైల్‌లో అక్షరాలు దాచే పద్ధతులను) పసిగట్టడానికి చార్‌డెట్ లైబ్రరీ. మొత్తం 1,140 లైన్లు. నా కంప్యూటర్‌లో ఎనిమిది నెలలుగా ఏ గొడవా లేకుండా నడుస్తోంది. వేరేవాళ్ల లైనక్స్ కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలాగన్నదే ఈ డైరీ: డెబ్, యాప్‌ఇమేజ్, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అనే నాలుగు రకాల ప్యాకేజీలుగా కట్టి చూశాను.

వర్చువల్ మెషిన్లు (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) నాలుగు, ఒక్కోదాంట్లో ఒక్కో డిస్ట్రో (లైనక్స్ రకం): ఉబుంటు 22.04, ఉబుంటు 24.04, డెబియన్ 12, లైనక్స్ మింట్ 22. నాలుగింటికీ ఇన్‌స్టాల్ కాగానే స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి నకలు) తీశాను. ఒక్కో పరీక్ష అయ్యాక మళ్లీ ఆ స్నాప్‌షాట్‌కే వెళ్లాలి. ఇక్కడ మాత్రం బద్ధకించకండి. నిన్నటి పరీక్షలో ఎక్కిన లైబ్రరీ ఇవాళ అలాగే ఉండిపోతే, ప్యాకేజీలో లోపమున్నా యాప్ చక్కగా తెరుచుకుంటుంది.

మనుషులు ముగ్గురు. అక్కది ఉబుంటు 24.04, విండోస్ వదిలి రెండు నెలలైంది. బాబాయ్‌ది మింట్ 22. నాతో పనిచేసే ఒకతనిది డెబియన్ 12, నెట్ మొబైల్ డేటా మీద. ముగ్గురికీ ఫైలో లింకో పంపి ఊరుకుంటాను. సబ్‌టైటిల్ సరయ్యేలోపు నన్ను ఎన్ని ప్రశ్నలు అడిగారన్నదే అసలు కొలత. సైజు, వేగం దాని తర్వాతే.

## దశ 1: డెబ్

డెబియన్, ఉబుంటు, మింట్‌లు మామూలుగా వాడే ప్యాకేజీ రకం. అన్నిటికన్నా తేలిక ఇదేననుకున్నాను. కట్టడం వరకు నిజమే.

1. యాప్ ఫైళ్లను ఇన్‌స్టాల్ అయ్యాక ఎక్కడ ఉండాలో అదే ఫోల్డర్ల అమరికలో పెట్టాను.
2. కంట్రోల్ ఫైల్ రాశాను: పేరు, వెర్షన్, ఆర్కిటెక్చర్ 'ఆల్' (పైథాన్ కాబట్టి ఏ ప్రాసెసర్ అయినా సరే), డిపెండెన్సీలు (యాప్‌కు ముందే కావాల్సిన ప్యాకేజీలు).
3. డీపీకేజీ-డెబ్‌తో కట్టాను. 46 కేబీ.
4. డెబ్‌లో తప్పులు వెతికే లింటియన్‌తో తనిఖీ చేశాను.

మూడో అడుగు మొదటిసారి విఫలం. కంట్రోల్ ఫైల్ చివరి లైను తర్వాత కొత్త లైను లేకపోతే ఫైల్ మధ్యలో తెగిపోయిందని తిడుతుంది. ఎంటర్ కొట్టాను, అయిపోయింది.

రెండోది ఇంకాస్త సిగ్గుపడాల్సింది. డెబియన్ 12లో యాప్ తెరవగానే జీటీకే 4.0 అందుబాటులో లేదని పడిపోయింది. జీటీకేని పైథాన్‌కు చూపించే టైప్‌లిబ్ ప్యాకేజీ వేరుగా ఉంటుంది, డిపెండెన్సీల్లో దాన్ని రాయడం మరిచాను. నా కంప్యూటర్‌లో అది ఎప్పుడో ఎక్కి ఉంది కాబట్టి నాకు తెలియలేదు. స్నాప్‌షాట్ లేకపోతే ఈ తప్పును అక్క కనిపెట్టేది.

మూడోది కోడ్‌నే మార్పించింది. యాప్ తెరుచుకుంది కానీ 'తెరువు' నొక్కితే, జీటీకేలో ఫైల్‌డైలాగ్ అనేదే లేదంది. చూస్తే ఆ క్లాస్ జీటీకే 4.10లో వచ్చింది. ఉబుంటు 22.04లో ఉన్నది 4.6, డెబియన్ 12లో 4.8, నేను రోజూ వాడే 24.04లో 4.14. దారులు రెండు: పాత డిస్ట్రోలను వదిలేయడం, లేదా పాత ఫైల్‌చూజర్‌నేటివ్ వాడటం. రెండోదాన్ని 4.10 నుంచి 'వాడొద్దు' జాబితాలో పెట్టారు కానీ అన్ని 4.x వెర్షన్లలోనూ పనిచేస్తుంది. హెచ్చరికలు వస్తే రానీ అని అదే పెట్టాను. 31 లైన్లు మారాయి. ఆ నిర్ణయం తర్వాతి దశలన్నిటిలో కలిసొచ్చింది.

ఇక మనుషులు. బాబాయ్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేశాడు, పాస్‌వర్డ్ కొట్టాడు, అయిపోయింది. అక్క డబుల్ క్లిక్ చేస్తే ఆర్కైవ్ తెరిచే ప్రోగ్రాం వచ్చి లోపలి ఫైళ్లు చూపించింది.

"ఒరేయ్, ఇందులో మూడు ఫైళ్లున్నాయి, ఏది నొక్కాలి?"

ఏదీ కాదక్కా అని చెప్పి, ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ కమాండ్ పంపాను. ఫైల్ పేరు ముందు చుక్క, వాలుగీత లేకుండా కొట్టింది. అవి లేకపోతే ఆప్ట్ దాన్ని ఫైల్ అనుకోదు, రిపోజిటరీలో (డిస్ట్రో ప్యాకేజీల గోదాములో) ఆ పేరుగల ప్యాకేజీ కోసం వెతుకుతుంది. నా సహోద్యోగి ఎక్కడో చదివి డీపీకేజీ వాడాడు. అది డిపెండెన్సీలను తనంతట తాను తెచ్చుకోదు, సగంలో ఆగింది.

ఇప్పటివరకు: 6 గంటలు, విఫలమైన బిల్డులు 3, ప్రశ్నలు 4 (అక్క 2, సహోద్యోగి 2, బాబాయ్ 0).

## దశ 2: యాప్‌ఇమేజ్

ఒకే ఫైల్, ఇన్‌స్టాల్ లేదు, పాస్‌వర్డ్ లేదు. కొత్తవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. నా గంటలు ఎక్కువగా తిన్నది ఇదే.

తప్పు 1: కొత్త డిస్ట్రో మీద కట్టడం. మొదటి బిల్డు నా 24.04లోనే చేశాను. 22.04లో నడిపితే జీలిబ్‌సీ (ప్రోగ్రాంలు ఆధారపడే మూల సీ లైబ్రరీ) 2.38 దొరకలేదన్న లైను ఒకటి వచ్చి ఆగిపోయింది. 24.04లో జీలిబ్‌సీ 2.39, 22.04లో 2.35. పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, తిరగేస్తే నడవదు. మరి 2.39 అనకుండా 2.38 అని ఎందుకంది? స్ట్రింగును (అక్షరాల వరసను) అంకెగా మార్చే మామూలు సీ ఫంక్షన్లకు 2.38లో కొత్త సింబల్ పేర్లు వచ్చాయి. అందులో కట్టిన పైథాన్ వాటినే అడుగుతుంది. నేను ఒక్క సీ లైను కూడా రాయలేదు, అయినా తప్పలేదు. 22.04 కంటైనర్ (ఆ డిస్ట్రోను విడిగా నడిపే పెట్టె) తీసుకుని మొదటినుంచి కట్టాను.

తప్పు 2: స్కీమాలు (సెట్టింగుల వివరణ ఫైళ్లు). కిటికీ వచ్చింది. 'తెరువు' నొక్కగానే మాయం. టెర్మినల్‌లో చూస్తే ఫైల్‌చూజర్ సెట్టింగుల స్కీమా ఇన్‌స్టాల్ కాలేదని, ఆ వెంటనే కోర్ డంప్, అంటే ప్రోగ్రాం కూలిపోయింది. జీటీకే ఈ విషయంలో బతిమాలినా వినదు, స్కీమా లేకపోతే ప్రోగ్రాంనే చంపేస్తుంది. స్కీమా ఫైళ్లను యాప్‌ఇమేజ్ లోపలికి కాపీ చేసి, కంపైల్ చేసి, డేటా ఫోల్డర్ల దారిలో వాటి చోటును ముందు పెట్టాను.

తప్పు 3: ఎన్విరాన్‌మెంట్ (ప్రోగ్రాంకు అందే సెట్టింగుల వేరియబుల్స్) బయటికి కారడం. యాప్‌లో 'వీడియో చూడు' అని ఒక బటన్ ఉంది, సిస్టమ్‌లోని ప్లేయర్‌ని తెరుస్తుంది. డెబ్‌లో పనిచేసింది, ఇక్కడ ప్లేయర్ తెరుచుకోగానే పడిపోతోంది. ప్లేయర్‌ని అనుమానిస్తూ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. సంగతేమిటంటే, నా లైబ్రరీలు దొరకాలని లాంచర్ స్క్రిప్టులో లైబ్రరీ పాత్ పెట్టాను. నా యాప్ తెరిచే ప్రతి ప్రోగ్రాంకూ అది వారసత్వంగా వెళ్తోంది. సిస్టమ్ ప్లేయర్ పోయి నా పాత లైబ్రరీలను ఎత్తుకుంటోంది. బయటి ప్రోగ్రాంని పిలిచే ముందు ఆ వేరియబుల్స్‌ని తీసేసే ఫంక్షన్ రాశాను, 9 లైన్లు. యాప్‌ఇమేజ్ కట్టేవాళ్లు ముందే రాసిపెట్టుకోండి.

తప్పు 4: సైజు. మొదట 112 ఎంబీ. పైథాన్ పరీక్షల ఫోల్డర్లు, వాడని భాషల అనువాదాలు, వాడని ఐకాన్లు తీసేస్తే 64. ఇంకా కత్తిరించబోయి ఐకాన్ థీమ్‌లో ఒకటి ఎక్కువ తీసేశాను, బటన్ల మీద విరిగిన బొమ్మలు వచ్చాయి. 64 దగ్గరే ఆపేశాను.

నాలుగు మెషిన్లలోనూ నడుస్తోందని తృప్తిగా పంపాను. పరీక్షల్లో నేను టెర్మినల్ నుంచి నడిపాను. వాళ్లు నడపరు.

అక్క మెసేజ్: "రెండుసార్లు నొక్కాను. దీన్ని తెరిచే యాప్ లేదంటోంది." బ్రౌజర్ దించిన ఫైల్‌కు ఎగ్జిక్యూటబుల్ అనుమతి ఉండదు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి స్విచ్ వేయమన్నాను. వేసింది. "ఇప్పుడు ఏమీ అనట్లేదు. ఏమీ రావట్లేదు కూడా."

ఇది ఫ్యూజ్ సంగతి. యాప్‌ఇమేజ్ లోపల స్క్వాష్‌ఎఫ్ఎస్ డిస్క్ ఒకటి ఉంటుంది, దాన్ని మౌంట్ చేయడానికి (తగిలించి తెరవడానికి) పాత రన్‌టైమ్ (యాప్‌ఇమేజ్‌ను నడిపించే ముందు భాగం) లిబ్‌ఫ్యూజ్2 లైబ్రరీని అడుగుతుంది. ఉబుంటులో 22.04 నుంచి అది ముందుగా ఎక్కి రాదు. నా మెషిన్లలో? స్నాప్‌షాట్లను నేను లిబ్‌ఫ్యూజ్2 ఎక్కించాకే తీశానని అప్పుడు తెలిసింది. దశ 0లో అంత గొప్పగా చెప్పింది నేనే.

అక్క చేత లిబ్‌ఫ్యూజ్2 ఎక్కించవచ్చు. కానీ రేపు వచ్చే ప్రతి ఒక్కరి చేతా ఎక్కించాలి. అందుకని పాత యాప్‌ఇమేజ్‌టూల్ పక్కన పెట్టి కొత్తది తెచ్చాను. అది పెట్టే రన్‌టైమ్‌లో ఫ్యూజ్ లైబ్రరీ లోపలే కలిసి ఉంటుంది, బయటి లిబ్‌ఫ్యూజ్2 అక్కర్లేదు. 64 ఎంబీ 65 అయింది.

బాబాయ్ ఫిర్యాదు ఇంకోలా ఉంది: వెతికే పెట్టెలో తెలుగు పడట్లేదు, ఇంగ్లీషే వస్తోంది. తెలుగు సబ్‌టైటిళ్లు వెతికే యాప్‌లో తెలుగు టైప్ కాకపోవడమేమిటి! డెబ్‌లో బాగానే ఉంది. యాప్‌ఇమేజ్‌లో ఉన్నది సిస్టమ్ జీటీకే కాదు, నేను మోసుకొచ్చిన జీటీకే. దానికి ఐబస్ (తెలుగు లాంటి భాషలు టైప్ చేయించే ప్రోగ్రాం) మాడ్యూల్ వేరే ప్యాకేజీలో వస్తుంది, నేను కట్టుకోలేదు. మాడ్యూల్‌నీ దాని లైబ్రరీనీ లోపల పెట్టి, జీటీకే పాత్ వేరియబుల్‌తో చోటు చూపించాను. బాబాయ్ 'అమ్మ' అని కొట్టి స్క్రీన్‌షాట్ పంపాడు.

రెండో విడత పంపాక వారానికి అక్క మళ్లీ: "యాప్ పోయిందిరా." డౌన్‌లోడ్స్ ఫోల్డర్ శుభ్రం చేసిందట. ఇన్‌స్టాల్ లేదంటే మెనూలో కూడా ఉండదు, ఆ ఫైలే యాప్. ఇది నేను చెప్పి ఉండాల్సింది.

ఇప్పటివరకు: 25 గంటలు, విఫలమైన బిల్డులు 14, ప్రశ్నలు 11 (ఈ దశలో 7: అక్క 4, బాబాయ్ 2, సహోద్యోగి 1).

## దశ 3: ఫ్లాట్‌ప్యాక్

జీలిబ్‌సీ, స్కీమాలు, ఐబస్ గొడవలు ఇక్కడ ఒక్కటీ రాలేదు. గ్నోమ్ రన్‌టైమ్‌లో (ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు పంచుకునే లైబ్రరీల మూటలో) అన్నీ ఉంటాయి, అన్ని డిస్ట్రోల్లోనూ ఒకేలా ఉంటాయి. గొడవలు వేరే రకం.

1. ఐడీ ఎంచుకున్నాను, డొమైన్‌ను తిరగేసి రాసే పద్ధతిలో. తర్వాత మార్చడం తలనొప్పి, ముందే ఆలోచించుకోండి.
2. మానిఫెస్ట్ రాశాను: రన్‌టైమ్, దాని వెర్షన్, అనుమతులు, మాడ్యూళ్లు.
3. ఫ్లాట్‌ప్యాక్-బిల్డర్‌తో కట్టాను.

మూడో అడుగులో చార్‌డెట్ దించబోయి పేరు పరిష్కారం కాలేదంది. అరగంట సేపు నా నెట్‌ను చూశాను. కడుతున్నప్పుడు శాండ్‌బాక్స్‌కు (యాప్‌ను మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే గదికి) నెట్ ఉండదు. కావాల్సిన ప్రతి ఫైల్ చిరునామా, దాని ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్ వేలిముద్ర లాంటి సంఖ్య) ముందే మానిఫెస్ట్‌లో ఉండాలి. పిప్ (పైథాన్ లైబ్రరీలు దించే సాధనం) జాబితా నుంచి వాటిని తయారుచేసే స్క్రిప్ట్ ఉంది, చేత్తో రాయకండి.

కట్టింది. మెనూలో వచ్చింది, ఐకాన్ లేకుండా. ఐకాన్ ఫైల్ పేరు ఉత్త 'జరుపు' అని ఉంది. యాప్ ఐడీతో మొదలయ్యే పేర్లున్న ఫైళ్లనే ఫ్లాట్‌ప్యాక్ బయటికి చూపిస్తుంది. పేరు మార్చాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. జరుపు పని ఇలా ఉంటుంది: మీరు వీడియో తెరుస్తారు, పక్కనే అదే పేరుతో ఉన్న సబ్‌టైటిల్ ఫైల్‌ను అదే వెతికి పట్టుకుంటుంది. ఫ్లాట్‌ప్యాక్‌లో వీడియో తెరిస్తే 'సబ్‌టైటిల్ లేదు' అంటోంది. ఫోల్డర్‌లో ఉంది, కళ్లెదురుగా. యాప్‌కు అందిన దారిని ప్రింట్ చేయించాను. వీడియోల ఫోల్డర్ కాదు, రన్ ఫోల్డర్‌లో యూజర్ 1000 కింద 'డాక్' అనే చోట, అర్థంకాని అక్షరాల పేరున్న ఫోల్డర్ ఒకటి. అందులో వీడియో తప్ప ఇంకేమీ లేదు.

శాండ్‌బాక్స్‌కూ బయటికీ మధ్య ఉండే పోర్టల్ చేసే పని అదే. ఫైల్ ఎంచుకునే కిటికీ శాండ్‌బాక్స్ బయట తెరుచుకుంటుంది. మీరు చూపించిన ఒక్క ఫైల్‌నే తలుపు సందులోంచి లోపలికి అందిస్తుంది. పక్క ఫైల్ అడగలేదు, ఇవ్వలేదు. యాప్ తప్పు లేదు, పోర్టల్ తప్పూ లేదు. పక్క ఫైళ్లన్నీ కనబడతాయన్న నా ఊహే తప్పు.

మూడు దారులు రాసుకున్నాను:

- హోమ్ ఫోల్డర్ మొత్తానికి అనుమతి. మానిఫెస్ట్‌లో ఒక లైను. బయటి హార్డ్‌డిస్క్‌కు మాత్రం పనిచేయదు, పైగా సబ్‌టైటిల్ జరిపే యాప్‌కు మీ కాగితాలన్నీ ఎందుకు?
- వీడియోల ఫోల్డర్‌కు మాత్రమే అనుమతి. బాబాయ్ వీడియోలు డెస్క్‌టాప్ మీద ఉంటాయి.
- ఫైల్ బదులు ఫోల్డర్ అడగడం. పోర్టల్ ఫోల్డర్‌నూ అందిస్తుంది, లోపలున్నవన్నీ కనిపిస్తాయి.

మూడోది పట్టుకున్నాను. ఫైల్ మేనేజర్‌లోంచి 'దీనితో తెరువు' అంటే ఒక్క ఫైలే వస్తుంది కాబట్టి, అప్పుడు 'సబ్‌టైటిల్ ఉన్న ఫోల్డర్ చూపించండి' అని బటన్ పెట్టాను. ఒక క్లిక్ పెరిగింది. ఇటీవలి ఫోల్డర్ల జాబితాలో ఆ అర్థంకాని దారి బదులు చివరి పేరు ఒక్కటే చూపించాను. ఇదే కోడ్ డెబ్‌లోకీ యాప్‌ఇమేజ్‌లోకీ వెళ్లింది.

ఫ్లాట్‌హబ్‌కు (ఫ్లాట్‌ప్యాక్ యాప్‌ల దుకాణానికి) పంపేటప్పుడు మెటాఇన్ఫో (యాప్ వివరాల) ఫైల్, స్క్రీన్‌షాట్లు, లైసెన్సు, విడుదలల జాబితా అడిగారు. ఆ ఫైల్‌ను తనిఖీ చేసే వాలిడేటర్ ముందే నడిపి పంపితే ఒక రౌండు తగ్గుతుంది. నేను నడపలేదు, రెండు రౌండ్లయింది.

ముగ్గురికీ పేరు చెప్పి వెతుక్కోమన్నాను. బాబాయ్‌కి మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో కనబడలేదు. ధ్రువీకరణ కాని ఫ్లాట్‌ప్యాక్‌లను మింట్ 22 మామూలుగా దాచిపెడుతుంది. ఫ్లాట్‌హబ్‌లో లాగిన్ అయి ఐడీ నాదేనని రుజువు చేసుకున్నాక కనబడింది. ఇది పది నిమిషాల పని, మొదటి రోజే చేసి ఉండాల్సింది. అక్క ఉబుంటులో ఫ్లాట్‌ప్యాకే లేదు, మూడు ప్రశ్నలు అక్కడే పోయాయి. సహోద్యోగి ఫోన్ చేశాడు: "యాప్ అర ఎంబీ అన్నారు, నాలుగు వందలు దించుతోందేంటండీ?" అది రన్‌టైమ్. అదే వెర్షన్ వాడే ఇంకో యాప్ ఉండి ఉంటే మళ్లీ దించేది కాదు. అతని దగ్గర లేదు, రాత్రి వైఫై దొరికేదాకా ఆగాడు.

ఇప్పటివరకు: 37 గంటలు, విఫలమైన బిల్డులు 20, ప్రశ్నలు 16 (ఈ దశలో 5: అక్క 3, బాబాయ్ 1, సహోద్యోగి 1).

## దశ 4: స్నాప్

ఉబుంటులో ముందే ఉండే ప్యాకేజీ రకం ఇది. అక్క కోసమే కట్టాను. ఉబుంటు యాప్ సెంటర్‌లో వెతికింది, ఒక్క బటన్, వచ్చేసింది. మొదటిసారి తెరుచుకోవడానికి 7 సెకన్లు, తర్వాత 2 (డెబ్ 1 సెకను లోపే). అప్‌డేట్లకు రోజుకు నాలుగుసార్లు అదే చూసుకుంటుంది, అక్క ఏమీ చేయక్కర్లేదు.

ఒకే ప్రశ్న వచ్చింది. బయటి హార్డ్‌డిస్క్‌లోని వీడియో మీద కుడి క్లిక్ చేసి జరుపుతో తెరిస్తే అనుమతి లేదంది. తొలగించగల డిస్కుల అనుమతి స్నాప్‌లో తనంతట తాను కలవదు. నేను మానిఫెస్ట్‌లో అడిగినా వాడేవాళ్లు విడిగా ఒప్పుకోవాలి. ఉబుంటు సెట్టింగ్స్‌లో యాప్ పేరు కింద ఆ స్విచ్ ఉంది. అక్క వేసుకుంది.

ఇప్పటివరకు: 42 గంటలు, విఫలమైన బిల్డులు 23, ప్రశ్నలు 17.

## దశ 5: ప్రశ్న అడగడం నేర్పే బటన్

నాలుగూ సిద్ధమయ్యాక కొత్తగా లైనక్స్‌కు వచ్చినవాళ్లుండే ఒక గ్రూపులో చెప్పాను. మర్నాడు ఒకరు రాశారు: "పనిచేయట్లేదు." ఏ డిస్ట్రో అని ఒకరడిగితే "సినమన్" అన్నారు. అది డెస్క్‌టాప్ పేరు, డిస్ట్రో కాదు అని ఇంకొకరు పాఠం మొదలుపెట్టారు. మూడో ఆయన సోర్స్ నుంచి కట్టుకోమన్నారు. పాపం, ఆ మనిషి అప్పటికే రెండుసార్లు క్షమించమన్నారు. ఎలా ఇన్‌స్టాల్ చేశారన్నది తేలడానికి 19 మెసేజ్‌లు పట్టింది: నా పాత యాప్‌ఇమేజ్.

తన దగ్గర ఉన్నదేమిటో చెప్పడం కొత్తవాళ్ల పని కాదు, యాప్‌కే తెలుసు. 'గురించి' కిటికీలో 'వివరాలు కాపీ చేయి' బటన్ పెట్టాను. ఆరు లైన్లు వస్తాయి:

1. జరుపు వెర్షన్
2. ప్యాకేజీ రకం
3. డిస్ట్రో, దాని వెర్షన్
4. డెస్క్‌టాప్
5. సెషన్ (తెర మీద కిటికీలు చూపించే పద్ధతి): ఎక్స్11 లేదా వేలాండ్
6. జీటీకే, పైథాన్ వెర్షన్లు

రెండోది తేలికే. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ మూడూ తమ పేరుతో ఒక్కో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడతాయి. ఏదీ లేకపోతే డెబ్ అనుకోవడం. మూడోదాంట్లో మళ్లీ దెబ్బ తిన్నాను. డిస్ట్రో పేరుండే ఓఎస్-రిలీజ్ ఫైల్ చదివితే ఫ్లాట్‌ప్యాక్‌లో డిస్ట్రో పేరు బదులు రన్‌టైమ్ పేరు వచ్చింది. శాండ్‌బాక్స్ లోపలి ఫైల్ రన్‌టైమ్‌ది, అసలు సిస్టమ్‌ది రన్ ఫోల్డర్‌లో 'హోస్ట్' కింద ఉంటుంది. ముందు అక్కడ చూసి, లేకపోతే మామూలు చోట చూసేలా మార్చాను.

సహాయం పేజీని కూడా తిరగరాశాను. పాతదాంట్లో నాలుగు ప్యాకేజీలూ వరసగా ఉండేవి, ఏది కావాలో మీరే ఎంచుకోండి అన్నట్టు. ఇప్పుడు మొదటి లైను 'మీది ఉబుంటు అయితే యాప్ సెంటర్‌లో వెతకండి', రెండోది 'మింట్ అయితే సాఫ్ట్‌వేర్ మేనేజర్'. యాప్‌ఇమేజ్ కిందికి పోయింది, పక్కన రెండు వాక్యాలతో: అనుమతి స్విచ్ ఎక్కడుందో, ఫైల్‌ను డౌన్‌లోడ్స్‌లో ఎందుకు ఉంచకూడదో.

బటన్ పెట్టిన తర్వాతి వారం గ్రూపులో ఇంకొకరు "పనిచేయట్లేదు" అని రాశారు, కింద ఆరు లైన్లతో. రెండో లైను యాప్‌ఇమేజ్, మొదటి లైను పాత వెర్షన్ నంబర్. ఆ లైను మొదట చూసింది నేను కాదు. మొన్న 19 మెసేజ్‌లు పట్టిన మనిషే కొత్త ఫైల్ లింకు ఇచ్చారు.

మొత్తం: 47 గంటలు, విఫలమైన బిల్డులు 26. గ్నోమ్ రన్‌టైమ్ ఒక్కో వెర్షన్‌కు మద్దతు ఏడాది పాటే, కాబట్టి మానిఫెస్ట్‌లో ఆ అంకె మార్చే పని క్యాలెండర్‌లో రాసిపెట్టుకున్నాను. బాబాయ్ మాత్రం డెబ్ తీసేయలేదు, ఫ్లాట్‌ప్యాక్ కూడా పెట్టుకున్నాడు. మెనూలో రెండు జరుపులు కనిపిస్తున్నాయని నిన్న స్క్రీన్‌షాట్ పంపాడు. దానికింకా పరిష్కారం రాయలేదు.